నీటికాసులు: చార్టులో 6/6 వస్తోంది, కాళ్ల దగ్గర మెట్టు మాత్రం కనపడటం లేదు

ఐరాల_తోట అడిగిన ప్రశ్న

మా నాయనకు 66 ఏళ్లు. ఐరాల దగ్గర తోతాపురి తోట, రెండు ఆవులు. నాలుగేళ్ల కింద రెండు కళ్లకూ నీటికాసులు (గ్లకోమా) ఉన్నట్టు తేలింది. కంట్లో నీరు బయటికి పోయే కోణం తెరుచుకునే ఉండే రకం అన్నారు. రాత్రికి లటానోప్రోస్ట్ ఒక చుక్క, పొద్దున సాయంత్రం డోర్జోలమైడ్, టిమొలాల్ కలిసిన చుక్క వేస్తున్నాం. ఈమధ్య చూపిస్తే కంటి ప్రెషర్ కుడి 14, ఎడమ 15. చార్టులో కుడి 6/6, ఎడమ 6/9. "కంట్రోల్లో ఉంది, మందులు ఆపొద్దు" అని పంపించారు. చుట్టూ చూపు ఎంతవరకు ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్ కాగితంలో ఎండీ అని రాసిన చోట కుడి -8.4, ఎడమ -19.6 ఉంది. రెండు కాగితాల్లోనూ కింది సగమే ఎక్కువ నల్లగా ఉంది.

ఇంట్లో చూస్తే పరిస్థితి వేరే. వరండా చివరి మెట్టు తప్పుతారు. ఆవు పలుపు కాలికి తగిలేదాకా తెలీదు. గ్లాసు బల్ల అంచున పెట్టేస్తారు. పేపర్లో హెడ్డింగులు చూసి పక్కన పడేస్తారు. పొద్దు వాలితే ఇల్లు కదలరు, పెళ్లిళ్లకు కూడా రానంటారు.

ప్రెషర్ బాగుంటే ఇదంతా ఎందుకు? ఇంకో పదేళ్లకు ఎలా ఉండొచ్చు? టీవీఎస్ ఎక్సెల్ మీద తోటకు పోనివ్వొచ్చా? ఈ ఏడు తిరుమలకు నడిచి ఎక్కుతానంటున్నారు, పంపొచ్చా?

అలిపిరి_ఆప్టోమ్

చార్టు కొలిచేది నట్టనడుమ చూపు ఒక్కటే. ఈ జబ్బులో అది చివరిదాకా నిలబడుతుంది, చుట్టూ ఉన్న చూపు ముందు పోతుంది. కాబట్టి మీ నాయన బతుకు ఎలా నడుస్తోందో తెలియాలంటే 6/6 చూసి లాభం లేదు, ఆ ఫీల్డ్ కాగితం చూడాలి. మీరు రాసిన ప్రతి ఇబ్బందీ అందులో ఉంది. మెట్టు, పలుపు, బల్ల అంచు అన్నీ చూపుకు కింది సగంలో ఉండేవే.

ఇంట్లో వాళ్లు అపార్థం చేసుకునే సంగతి ఒకటుంది. పోయిన చోట నల్లగా కనపడదు. చుట్టుపక్కల ఉన్న రంగుతో మెదడే ఆ ఖాళీని నింపేస్తుంది. ఎర్ర గచ్చు మీద ఎర్ర మెట్టు ఉంటే ఆయనకు ఒకటే చదునైన గచ్చు కనపడుతుంది. అందుకే ఆయన "చూసుకోలేదు" అంటారు, మీరు "పరధ్యానం" అంటారు.

రెండు కాగితాలనూ కిటికీ వెలుతురుకు పట్టి, మధ్య బిందువు కలిసేలా ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఏదీ తిప్పొద్దు. రెండిట్లోనూ కాగితం ఎడమ అంటే ఆయనకు ఎడమే. ఒక కంట్లో పోయింది ఇంకో కంట్లో ఉంటే రోజువారీ పనుల్లో పెద్దగా తెలీదు. రెండిట్లోనూ నల్లగా ఉన్న చోటే ఆయనకు నిజంగా లేని చోటు. ఇంట్లో మార్పులు దాన్నిబట్టి చేయాలి.

ఇక పదేళ్ల మాట. ఎండీ అంటే చూపు మొత్తంమీద ఎంత తగ్గిందో డీబీల్లో (డెసిబెల్) చెప్పే అంకె. ఎండీ -6 దాకా తొలి దశ, -6 నుంచి -12 నడిమి దశ, ఆపైన ముదిరిన దశ అని లెక్క. ఎడమ ఇప్పటికే ముదిరింది. ఇకమీద ఆయన రోజులు గడిచేది కుడికంటి మీదే, కాబట్టి దాని వేగం తెలియాలి. ఏడాదికి 0.3 డీబీ చొప్పున తగ్గితే పదేళ్లకు -11.4 అవుతుంది, ఇప్పటిలాగే తన పనులు తాను చేసుకుంటారు. ఏడాదికి 1 చొప్పున అయితే -18.4. అంటే కుడికన్ను కూడా దాదాపు ఇవాళ్టి ఎడమకంటి స్థితికి వస్తుంది. అప్పుడు తెలియని చోట ఒంటరిగా నడవడం కష్టం. 1.5 అయితే ఇంకా ముందే.

ఒక్క కాగితంతో వేగం తేలదు. ఐదారు టెస్టులు కావాలి. మొదటిది చాలామందికి సరిగ్గా రాదు, మెషీన్ అలవాటు కావాలి కదా. కొత్తగా తేలినవాళ్లకు మొదటి రెండేళ్లు ఏడాదికి మూడేసి చేయమని యూరప్ మార్గదర్శకాలు చెప్తున్నాయి. నాలుగేళ్ల కాగితాలన్నీ వరసగా పెట్టి, ప్రోగ్రెషన్ ప్రింట్ తీయించమని అడగండి. కాగితం పైభాగంలో ఫిక్సేషన్ లాసెస్ (చూపు మధ్య బిందువు మీద నిలపకపోవడం), ఫాల్స్ పాజిటివ్ (వెలుగు రాకుండానే బటన్ నొక్కడం) ఎక్కువుంటే ఆ టెస్ట్ లెక్కలోకి తీసుకోకూడదు. మధ్యాహ్నం అన్నం తిని నిద్రమత్తులో చేయించొద్దు, పొద్దున్నే పెట్టించుకోండి.

14, 15 అనేవి ఆ రోజు ఆ గంటకు వచ్చిన అంకెలు. ప్రెషర్ రోజులో మారుతూ ఉంటుంది. నార్మల్ 10 నుంచి 21 అని పుస్తకంలో ఉన్నా, కంటి నరం ఇంత దెబ్బతిన్న కంటికి అది సరిపోదు. చాలామంది డాక్టర్లు 12 దగ్గరికో ఇంకా కిందికో దించాలని చూస్తారు. ఒక్క ఎంఎం తగ్గినా ముదిరే ముప్పు సుమారు 10 శాతం తగ్గుతుందని అర్లీ మానిఫెస్ట్ గ్లకోమా ట్రయల్ అనే పరిశోధనలో తేలింది. "మా నాయన టార్గెట్ ప్రెషర్ ఎంత?" అని సూటిగా అడగండి. కాగితాల్లో వేగం కనపడితే లేజరో, కంట్లో నీరు బయటికి పోయేందుకు కొత్త దారి చేసే ట్రాబెక్యులెక్టమీ ఆపరేషనో మాట్లాడాల్సి వస్తుంది. పోయిన చూపు వాటితో తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికే అవి.

పేపరు చదవలేకపోవడానికి, నడిమి చూపును వివరంగా చూసే 10-2 అనే ఫీల్డ్ టెస్ట్ అడగండి. మామూలుగా చేసే 24-2 టెస్ట్‌లో వెలుగు చుక్కలు ఆరేసి డిగ్రీల దూరంలో ఉంటాయి, 10-2లో రెండేసి డిగ్రీలకు ఒకటి. నడిమికి దగ్గరగా కింద పోయి ఉంటే, లైను చివరికొచ్చాక తర్వాతి లైను మొదలు దొరకదు. అద్దాలు మార్చినా ప్రయోజనం ఉండదు. నల్ల అట్టలో ఒక్క లైను పట్టేంత సందు కోసి దాని గుండా చదివించండి. దీపం ఎదురుగా వద్దు, కుడి భుజం వెనక నుంచి కాగితం మీద పడాలి.

గిరింపేట_ఫార్మసిస్ట్

పైన చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. చుక్క నిజంగా కంట్లో పడుతోందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. దానికి సీసానే సాక్ష్యం. లటానోప్రోస్ట్ 2.5 ఎంఎల్ సీసాలో సుమారు 80 చుక్కలుంటాయి. రెండు కళ్లకూ రాత్రికి రెండు చొప్పున 40 రోజులు రావాలి. మూడు వారాలకే అయిపోతే సగం చెంప మీద పోతున్నట్టు. రెండు నెలలైనా ఇంకా మిగిలి ఉంటే మధ్యలో మానేస్తున్నట్టు. డాక్టరు దగ్గరికి పోయే ముందు వారం మాత్రం బుద్ధిగా వేసుకునేవాళ్లు చాలామంది. ఆ రోజు ప్రెషర్ బాగానే వస్తుంది, ఫీల్డ్ మాత్రం తగ్గుతూ పోతుంది.

వేసే పద్ధతి: పడుకోబెట్టండి, లేదా తల బాగా వెనక్కి వాల్చమనండి. కింది రెప్ప లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది, అందులో ఒక్క చుక్క. సీసా మూతి రెప్పకు తగలకూడదు. తర్వాత మెల్లగా కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. టపటపా రెప్పలాడిస్తే మందు ముక్కులోకి, అక్కడి నుంచి రక్తంలోకి పోతుంది. నోరు చేదెక్కుతోందంటే డోర్జోలమైడ్ గొంతులోకి దిగుతోందని అర్థం. రెండో మందు వేయాలంటే కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, పది అయితే మేలు. వెంటనే వేస్తే మొదటిదాన్ని అది కడిగేస్తుంది.

టిమొలాల్ గురించి శ్రద్ధ పెట్టండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పనికిరాదు. నాడి నెమ్మదిస్తుంది, నీరసం, లేవగానే తల తిరగడం ఉండొచ్చు. మెట్టు కనపడని మనిషికి తల కూడా తిరిగితే పడిపోవడం ఖాయం. నాడి నిమిషానికి 60 లోపు ఉంటే, ఎగశ్వాస ఉంటే డాక్టరుకు చెప్పండి. మీరుగా ఆపొద్దు.

తెరవని లటానోప్రోస్ట్ ఫ్రిజ్‌లో ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. గడ్డకట్టే అరలో వద్దు. తెరిచాక 25 డిగ్రీల లోపు ఉంచమని రాసుంటుంది. చిత్తూరులో ఏప్రిల్, మే నెలల్లో ఏ గదిలోనూ అది కుదరదు కాబట్టి ఫ్రిజ్ తలుపు అరలోనే పెట్టండి. తెరిచిన తేదీ సీసా మీద రాయండి. బండి డిక్కీలో మాత్రం ఎప్పుడూ వద్దు. రెండు సీసాలు చేతికి ఒకేలా ఉంటే, రెండుపూటలా వేసేదానికి రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టండి.

తోట దుమ్ముకు కళ్లు ఎర్రబడ్డాయని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చి వేయొద్దు. ప్రెషర్ చప్పుడు లేకుండా పెరుగుతుంది. చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీములు, పీల్చే స్ప్రేలు వాడుతున్నా కంటి డాక్టరుకు చెప్పాలి.

తెల్లకర్ర_టీచర్

ఇల్లు సర్దడానికి పెద్ద ఖర్చు లేదు. ప్రతి మెట్టు అంచునా రెండు అంగుళాల వెడల్పు పసుపు పెయింటు పట్టీ వేయండి, మెట్టు పైభాగం మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా. గడపకు పసుపు రాసే అలవాటు ఇలాంటి కళ్లకు నిజంగా సాయపడుతుంది. ఆ పసుపు వెలిసిపోనివ్వకండి. నల్ల గ్రానైట్ బల్ల మీద స్టీలు గ్లాసు మెరుపులో కలిసిపోతుంది. లేతరంగు గుడ్డ పరిచి, ముదురు రంగు గ్లాసు పెట్టండి. తెల్ల పళ్లెంలో తెల్లన్నం కూడా అంతే. పడక నుంచి బాత్రూం దాకా మోకాలి ఎత్తున రెండు మూడు చిన్న నైట్ బల్బులు, బాత్రూంలో గోడకు ఒక పట్టుకమ్మీ.

ఎండలోంచి ఇంట్లోకి వచ్చేటప్పుడు గడప దగ్గరే గోడ పట్టుకుని ఒకటి రెండు నిమిషాలు నిలబడమనండి. ఈ జబ్బులో వెలుతురు మారినప్పుడు కన్ను సర్దుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. బయట అంచున్న టోపీ, లేత పసుపు రంగు అద్దాలు కొందరికి బాగా పనిచేస్తాయి. షాపులో పెట్టి చూసి తీసుకోండి. ముదురు నల్లద్దాలు చెట్ల నీడలో ఇంకా ప్రమాదం.

నడక నేర్పాలి. పది అడుగుల దూరం ఒకసారి, కాళ్ల ముందు ఒకసారి, తల దించి మరీ చూడాలి. కళ్లు ఒక్కటే తిప్పితే చాలదు. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని, మడమ వెనక మెట్టుకు ఆనించి దిగాలి. చేతికర్ర ఇస్తే బరువు మోపడానికి కాకుండా ముందున్న లోతు చూసుకోవడానికి వాడమనండి. తోటలో నల్ల డ్రిప్పు పైపులు మట్టిలో అస్సలు కనపడవు, దాటే చోట్ల తెల్ల పెయింటు కొట్టండి. ఆవుల పలుపు పసుపు నైలాన్ తాడుకు మార్చండి.

టీవీఎస్ ఎక్సెల్ సంగతి: పొద్దు వాలాక పూర్తిగా మాన్పించండి, ఇందులో మొహమాటం వద్దు. పగలు కూడా, రెండు కళ్లూ తెరిచి చేసే ఎస్టర్‌మన్ ఫీల్డ్ టెస్ట్ చూసి డాక్టరు సరేనంటేనే. గుంత, గేదె, అడ్డమొచ్చే పిల్లలు అందరూ కింది సగంలోంచే వస్తారు.

తిరుమల: అలిపిరి దారిలో 3550 మెట్లు. ఎక్కడం ఒంటికి కష్టమేగానీ కంటికి అంత ప్రమాదం కాదు, ఎదుటి మెట్టు చూపు ముందే ఉంటుంది. దిగడం మాత్రం వద్దు, బస్సులో రండి. ఎక్కినా బాగా తెల్లవారాకే మొదలుపెట్టాలి, మీరు ఆయన పక్కనే ఒక మెట్టు ముందుండాలి. మోకాళ్లు, గుండె కూడా సరిగ్గా ఉంటేనే ఆ ఆలోచన. లేదంటే బస్సులో పోయి, 65 దాటినవాళ్లకు టీటీడీ ఆన్‌లైన్‌లో ఇచ్చే దర్శనం కోటా తీసుకోండి. తోపులాట, మసక వెలుతురు రెండూ తగ్గుతాయి.

పెళ్లిళ్లకు రాననడం తేలిగ్గా తీసుకోకండి. మసక వెలుతురులో మొహాలు గుర్తుపట్టలేరు. పలకరించలేదని చుట్టాలు నొచ్చుకుంటారు, ఆ మాట పడలేక ఈయన మానేస్తారు. ఎదురైనవాళ్లు ముందు పేరు చెప్పి మాట్లాడమని దగ్గరివాళ్లకు మీరే చెప్పండి. పగటి ముహూర్తాలకు తప్పకుండా తీసుకుపోండి. నిద్ర, ఆకలి కూడా తగ్గితే అది దిగులు జబ్బు కావచ్చు, దానికి వేరే వైద్యం ఉంది.

ఐరాల_తోట

కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాం మేడమ్. కింద ఎడమ పక్క రెండిట్లోనూ నల్లగానే ఉంది. వరండా మెట్లు కూడా ఆయన దిగేటప్పుడు ఎడమకే వస్తాయి. ఇంకో మూడు సంగతులు: పొద్దున లేవగానే ఒక లీటరు నీళ్లు ఒక్కసారిగా తాగుతారు, యోగాలో శీర్షాసనం వేస్తారు. ఇవి పర్వాలేదా? సదరం సర్టిఫికెట్ వస్తుందా? నాకు 41, అక్కకు 45. మేం కూడా చూపించుకోవాలా?

అలిపిరి_ఆప్టోమ్

శీర్షాసనం ఇవాళే ఆపేయాలి. తలకిందులుగా ఉన్నంతసేపు కంటి ప్రెషర్ దాదాపు రెట్టింపవుతుంది. ఊపిరి బిగబట్టి మామిడి క్రేట్లు ఎత్తడం కూడా వద్దు. లీటరు నీళ్లు ఒక్కసారిగా తాగితే ప్రెషర్ కాసేపు పెరుగుతుంది. అవే నీళ్లు గ్లాసు గ్లాసుగా గంటన్నర మీద తాగమనండి. రోజూ నడక మాత్రం మంచిదే.

మీరూ అక్కా తప్పకుండా చూపించుకోండి. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఉంటే ముప్పు చాలా రెట్లు ఎక్కువ. నాయనకు తోబుట్టువులుంటే వాళ్లకూ చెప్పండి. ఒక్క ప్రెషర్ చూసి పంపేస్తే సరిపోదు. కోణం చూసే గోనియోస్కోపీ, కంటిపాప పెద్దదిచేసి నరం చూడటం, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం, ఒక ఫీల్డ్ టెస్ట్ కావాలి. కార్నియా పలుచగా ఉంటే ప్రెషర్ అసలుకంటే తక్కువ చూపిస్తుంది. తిరుపతిలో అరవింద్ ఉంది, చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ వాళ్ల షెల్ కంటి ఆసుపత్రి కూడా దగ్గరే. ఎక్కడికి పోయినా పాత కాగితాలన్నీ పట్టుకుపోండి. మెషీన్ మారితే అంకెలు నేరుగా పోల్చలేం కాబట్టి ఫీల్డ్ టెస్ట్ ఎప్పుడూ ఒకే చోట చేయించడం మేలు.

సదరం (వైకల్య ధ్రువీకరణ): 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చార్టు చూపు ఒక్కటే కాదు, చూపు వెడల్పు కూడా లెక్కే. 40 డిగ్రీల లోపుకు తగ్గితే అల్పదృష్టి, 10 డిగ్రీల లోపైతే అంధత్వం. పథకాలకు 40 శాతం వైకల్యం తేలాలి. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను ఇప్పుడు నెలకు 6000. కుడికన్ను ఇంకా -8 దగ్గరే ఉంది కాబట్టి ఇప్పుడే రాకపోవచ్చు. స్లాట్ సచివాలయంలో బుక్ చేసుకోవచ్చు. క్యాంపుకు పోయినప్పుడు 6/6 చూసి వెనక్కి పంపకుండా, రెండు కళ్ల తాజా ఫీల్డ్ ప్రింట్లు, ఓసీటీ (కంటి నరాన్ని చూసే స్కాన్) రిపోర్టు, చూపు వెడల్పు ఎన్ని డిగ్రీలో డాక్టరు రాసిచ్చిన కాగితం ముందే చేతికివ్వండి.