డోర్ట్‌మండ్‌లో మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్: టికెట్టు ఎలా, ఎక్కడ కూర్చోవాలి, ఎలా తిరిగి రావాలి

ప్రశ్న (బోహుమ్ నుంచి):
అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌లోనే ఇక్కడ జర్మనీలో మాస్టర్స్‌లో చేరాను. ఫిబ్రవరిలో మా అన్నయ్య హైదరాబాద్ నుంచి వస్తున్నాడు, ఎనిమిదేళ్ల కొడుకుతో. ముగ్గురం పక్క ఊరు డోర్ట్‌మండ్ ఫుట్‌బాల్ క్లబ్ మ్యాచ్‌కు వెళ్లాలని. క్లబ్ సైట్‌లో ఎప్పుడు చూసినా టికెట్లు అయిపోయాయనే చూపిస్తోంది. వేరే సైట్‌లో ఒక్కోటి 180 యూరోలు. కొనేయొచ్చా? ఎల్లో వాల్‌లో, అంటే అభిమానులు నిలబడి చూసే ఆ పెద్ద స్టాండ్‌లో, నిలబడాలని మా అన్నయ్య కోరిక.

జవాబు (డోర్ట్‌మండ్ నుంచి):
తమ్ముడూ, ఆ 180 పెట్టొద్దు. అలాంటి సైట్లలో దొరికేవి ఎక్కువగా క్లబ్ నిబంధనలు దాటి చేతులు మారిన టికెట్లు. క్లబ్ కంట్లో పడితే బ్లాక్ చేస్తుంది. గేటు దగ్గర స్కాన్ కాకపోతే లోపలికి పంపరు, నువ్వు క్లబ్ దగ్గర కొనలేదు కాబట్టి అక్కడ గొడవపడీ లాభం లేదు.

అసలు టికెట్లు ఎందుకు దొరకవో లెక్క చూడు. లీగ్ మ్యాచ్‌కు స్టేడియం సామర్థ్యం 81,365. సీజన్ టికెట్లే దాదాపు 55,000. అవతలి జట్టు అభిమానులకు పదో వంతు పోతుంది, అంటే ఎనిమిది వేల పైన. మిగిలినదాంట్లో ముందు సభ్యులకు అమ్ముతారు. మామూలు జనానికి వచ్చేసరికి అడుగూబొడుగూ మిగులుతుంది, బయర్న్ మ్యూనిక్ లాంటి పెద్ద జట్టుతో మ్యాచ్‌కైతే అదీ ఉండదు.

దారులు రెండు. ఒకటి, ఏడాది సభ్యత్వం తీసుకుని సభ్యుల అమ్మకం మొదలయ్యే రోజే కూర్చోవడం. రెండోది, క్లబ్ సొంత సైట్‌లోనే ఉండే సెకండ్ మార్కెట్. ఆ వారం రాలేని సీజన్ టికెట్ వాళ్లు తమ సీటును అక్కడ పెడతారు. మ్యాచ్ దగ్గరపడే కొద్దీ ఎక్కువ కనిపిస్తాయి. ఖాతా ముందే తెరిచి, కార్డు వివరాలు పెట్టుకుని ఉండు. వివరాలు టైప్ చేసేలోపు ఇంకొకరు ఎగరేసుకుపోతారు. ఒంటరి సీట్లు దొరుకుతాయి, పక్కపక్కన మూడు దొరకడం కష్టం. బాబు ఉన్నాడు కనుక ఇద్దరికి కలిసి, నీకు విడిగా చూసుకో. లీగ్ పట్టిక కింది సగంలో ఉన్న జట్టుతో మ్యాచ్ ఎంచుకో.

ఇంకో మాట. షెడ్యూల్ వచ్చినప్పుడు ఏ వారాంతమో మాత్రమే తెలుస్తుంది. శుక్రవారం రాత్రి 8:30కా, శనివారం 3:30కా, 6:30కా, లేక ఆదివారమా అన్నది కొన్ని వారాల ముందే తేలుతుంది. అది ఖరారయ్యేదాకా అన్నయ్యకు వాపసు రాని రైలు టికెట్లు, హోటళ్లు బుక్ చేయొద్దు.

జవాబు (డోర్ట్‌మండ్ నుంచి, ఇంకొక సభ్యురాలు):
ఎల్లో వాల్ గురించి చెప్తాను. దక్షిణ స్టాండ్ ఒక్కదాంట్లోనే 24,000 పైచిలుకు మంది నిలబడతారు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం మొత్తం కలిపితే 30,000, దాన్ని బట్టి ఊహించుకోండి. పై భాగం వాలు 37 డిగ్రీలు. మెట్టు మీద మెట్టు, మధ్యమధ్య నడుమెత్తు ఇనుప కడ్డీలు. గోల్ పడ్డప్పుడు పై నుంచి జనం ఒరుగుతారు. కడ్డీ మీ వీపుకు ఆనేలా, దానికి ముందు నిలబడితే వెనక నుంచి వచ్చే ఒరుగుడు కడ్డీ దగ్గరే ఆగుతుంది. మీ వెనక దగ్గర్లో కడ్డీ లేకపోతే ఆ ఒరుగుడంతా మీ మీదే పడుతుంది. బీరు కూడా గాల్లో లేస్తుంది, ఉతకగలిగే జాకెట్టే వేసుకోండి.

ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి అక్కడికి తీసుకెళ్లొద్దని అన్నయ్యకు చెప్పండి. బాబుకు ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనబడవు. మధ్యలోని 12, 13 బ్లాకులు డప్పులు, జెండాల వాళ్లవి. తొంభై నిమిషాలూ ఆగని పాట, పెద్ద జెండాలు లేస్తే పిచ్ కనబడదు. పెద్దవాళ్లే వెళ్తే 10, 15 లాంటి చివరి బ్లాకులు మేలు. అక్కడ టికెట్టు బ్లాకుకే, సీటు నంబరుండదు. రెండు గంటల ముందు గేట్లు తెరవగానే లోపలుంటేనే మంచి చోటు. ఆ తర్వాత టాయిలెట్‌కు వెళ్తే ఆ చోటు పోయినట్టే.

నా సలహా అడిగితే మీ ముగ్గురికీ ఎదురుగా ఉన్న ఉత్తర స్టాండ్ పై వరసలు, పడమర వైపు. గోడలో నిలబడ్డవాడికి గోడ కనబడదు. మ్యాచ్‌కు ముందు పాతిక వేల మంది స్కార్ఫులు ఒక్కసారి పైకెత్తే దృశ్యం ఎదుటివాడికే దక్కుతుంది, బాబుకు అది గుర్తుండిపోతుంది. తూర్పు మూల మాత్రం అవతలి జట్టు వాళ్లది, అటు వద్దు. నీలం-తెలుపు చొక్కా ఏ స్టాండ్‌కూ వద్దు, అది డోర్ట్‌మండ్ బద్ధ ప్రత్యర్థి క్లబ్ షాల్కె రంగు.

జవాబు (ఎస్సెన్ నుంచి):
సామాను గురించి ఎవరూ చెప్పలేదు. ఏ4 కాగితం కంటే పెద్ద సంచి లోపలికి రానివ్వరు. కాలేజీ బ్యాగు, ల్యాప్‌టాప్ వేసుకుని నేరుగా వచ్చేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. డోర్ట్‌మండ్ మెయిన్ స్టేషన్ లాకర్లు మ్యాచ్ రోజు త్వరగా నిండిపోతాయి, ఇంట్లోనే పెట్టి రండి. గాజు సీసాలు, డబ్బాలు వద్దు. లోపల కార్డుతోనే కొనాలి. కప్పుకు డిపాజిట్ కడతారు, తిరిగిస్తే వస్తుంది. సాసేజ్‌లు ఎక్కువగా పందిమాంసమే, తినకపోతే బంగాళదుంప వేపుళ్లు, ప్రెట్జెల్ ఉంటాయి. ఫిబ్రవరి చలికి రెండు జతల సాక్సులు, మందమైన అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. కాంక్రీటు చలి కింద నుంచే ఎక్కుతుంది.

వెళ్లేటప్పుడు మెయిన్ స్టేషన్ నుంచి యూ45 అనే యూ-బాన్ (మెట్రో) రైలు, లేదా స్టేడియం దగ్గరే ఆగే రీజనల్ రైలు. వచ్చేటప్పుడు ఆ యూ-బాన్ గేటు దగ్గర నిలబడకండి, గంట పడుతుంది. హోహె స్ట్రాసె మీదుగా నడిస్తే మూడు కిలోమీటర్లు, ముప్పావుగంటలో మెయిన్ స్టేషన్. అక్కడ నుంచి బోహుమ్‌కు ఆర్‌ఈ1, ఆర్‌ఈ6 రీజనల్ రైళ్లు ఉన్నాయి. మీ సెమిస్టర్ టికెట్టు వాటికి చెల్లుతుంది, ఐసీఈ ఎక్స్‌ప్రెస్ రైళ్లకు చెల్లదు. 8:30 మ్యాచ్ అయితే విజిల్ పడేసరికి పదింపావు దాటుతుంది, బాబు నిద్ర లెక్క వేసుకోండి. శనివారం 3:30ది చూస్తే ఆ బాధ లేదు.

ప్రశ్న (అదే సభ్యుడు):
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. దాదాపు ప్రతి లీగ్ మ్యాచ్‌కూ 81,365 అనే ప్రకటిస్తారట కదా, నిజంగా అంతమంది వస్తారా?

జవాబు (డోర్ట్‌మండ్ నుంచి):
అది అమ్ముడైన టికెట్ల లెక్క. సీజన్ టికెట్ ఉండి రానివాళ్లు కూడా అందులో ఉంటారు. అందుకే స్టేడియం నిండిందన్న రోజు కూడా అక్కడక్కడా సీట్లు ఖాళీగా కనబడతాయి.

మూడు టికెట్లు కలిసి దొరక్కపోతే బోహుమ్‌లోనే స్టేడియం ఉందిగా. సుమారు 26,000 మంది పడతారు, 2025లో జట్టు రెండో డివిజన్‌కు పడిపోయింది కాబట్టి టికెట్లు కాస్త సులువు. మెయిన్ స్టేషన్ నుంచి 308, 318 ట్రాములు వెళ్తాయి. ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ అయితే బాబును సాయంత్రానికల్లా ఇంటికి చేర్చొచ్చు.