వృక్షాసనంలో స్త్రీ బొమ్మ: ఒంటి కొలతలు కుదరాలా, గీత ఉంటే చాలా?

నల్లసుద్ద: యోగాసనాల్లో ఉన్న స్త్రీల బొమ్మలు ఈమధ్య ఎక్కడ చూసినా ఉన్నాయి. ఆసనం అచ్చంగా దిగుతోంది, ఆమెలోని నిబ్బరం దిగడం లేదు. లోపం అనాటమీదా, ఇంకేదానిదా? ఒక కాలు మడిచి ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం ఒక్కటే పెట్టుకుని తేల్చుకుందాం.

సన్నగీత: లోపం బరువులో ఉంది. ఒంటికాలి మీద నిలబడగానే కటి ఆ కాలి వైపు జరుగుతుంది. గొంతు గుంట నుంచి నూలు వదిలితే నిలబడ్డ పాదం మీద పడాలి. రెండు కాళ్ల మీద నిలబడ్డ నడుము గీసి, ఒక కాలు మడిచి అతికిస్తే మనిషి ఒరిగిపోతున్నట్టే ఉంటుంది. ఇంకోటి, పాదాన్ని మోకాలికి ఆనించి గీస్తున్నారు. యోగా నేర్పేవాళ్లు వద్దనేదే అది. పాదం తొడ లోపలి వైపున ఉండాలి, లేదా పిక్క మీద. మడమ తొడని నొక్కుతుంది, తొడ మడమని తోస్తుంది. అక్కడ కండ కాస్త లోపలికి పోయినట్టు చూపిస్తే చాలు, బలం వచ్చేస్తుంది.

మదనిక: అభ్యంతరం. మనం గీసేది యోగా గైడు కాదు కదండీ. రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికల్ని, అంటే ఆ స్త్రీ శిల్పాల్ని చూడండి, ఆ కాళ్ల పొడవు ఏ మనిషికీ ఉండదు. 1213 నాటి ఆ బొమ్మల దగ్గర ఎవరూ టేపు తీయరు. ఆసనాల పాత బొమ్మలకొస్తే, 1600 ప్రాంతంలో మొగల్ యువరాజు సలీం కోసం అలహాబాదులో బొమ్మలు వేసిన ‘బహ్రుల్ హయాత్’ పుస్తకంలోనూ, మైసూరు రాజుల ‘శ్రీతత్త్వనిధి’ గ్రంథంలోనూ ఉన్నది మగ యోగులే. స్త్రీకి మనం తెచ్చుకోగల నమూనా పాత శిల్పాల్లో చెట్టు కింద నిలబడ్డ సాలభంజిక. కానీ ఆమె కొమ్మ పట్టుకుని ఉంటుంది. వృక్షాసనంలో పట్టుకోవడానికి కొమ్మ లేదు. ఆ తేడాని గీత చెప్పాలి, కండరాలు కాదు.

సన్నగీత: రామప్పని మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. అక్కడ కాళ్లు సాగాయి, బరువు తప్పిందా? మన శిల్పులు బ్రహ్మసూత్రం అనే నిలువు గీత పట్టుకునే ఒంటిని మూడు వంపులు తిప్పారు. సాగదీయండి, ఎవరు కాదన్నారు?

మదనిక: నూలు సరే. కండలు మాత్రం ఒప్పుకోను. పిక్కలో ప్రతి నరమూ తేలిస్తే జిమ్ పోస్టరే.

పసుపుమట్టి: మీ ఇద్దరి గొడవలో సగం ఫోటోది. ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే తల పెద్దది, పాదం చిన్నది అవుతుంది. అది చూసి గీస్తే బరువు ఎక్కడ నిలుస్తుంది? పది పన్నెండు అడుగులు వెనక్కి జరిగి, కెమెరా బొడ్డు ఎత్తులో ఉంచి, జూమ్ చేసి తీయండి. మోడల్ ఉంటే నిమిషం దాటి నిలబెట్టొద్దు, తుంటి కిందకి జారిపోతుంది. ముప్పై సెకన్ల స్కెచ్‌లు పది వేస్తే అందులో ఒకటి దొరుకుతుంది.

ఇక పాదం. వేళ్ల కింద, మడమ కింద బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరీన్ (నీలం) కలిపి సన్నటి నీడ లాగండి, అరికాలి వంపు దగ్గర వదిలేయండి. అది లేకపోతే ఎంత బాగా గీసినా బొమ్మ గాలిలో తేలుతుంది. వేళ్లు పరుచుకుని ఉండాలి. నేలని గోకుతున్నట్టుంటే అది భయం. ఒంటి రంగుకి ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా సరిపోతాయి. తెలుపు ఎక్కువైతే సుద్ద కొడుతుంది. అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది, వెలుగు పడే చోట్లని తడిమీద తేల్చేయకండి. వెనకాల చక్రాలు, తామరలు, ఓంకారం వద్దే వద్దు (అమ్ముడుపోతాయంటే మీ ఇష్టం). నెమ్మది అంటే వెలిసిన రంగులనుకోవడమూ పొరపాటే. చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల్లోని తెలంగాణ స్త్రీలు ముదురు రంగుల చీరల్లోనే ఎంత నిండుగా ఉంటారో చూడండి.

నల్లసుద్ద: మరి కళ్లు? అందరూ మూసే వేస్తున్నారు.

సన్నగీత: వృక్షాసనంలో కళ్లు మూస్తే నిలవడం కష్టం. చూపు ఎదురుగా ఒక్క బిందువు మీద ఉండాలి, కనుబొమలు ముడిపడకూడదు, దవడ వదులుగా ఉండాలి.

మదనిక: నేను సగం మూస్తా. బుద్ధుడి కళ్లు అలాగే ఉంటాయి, ఆయనేం పడిపోలేదు.

సన్నగీత: ఆయన కూర్చున్నాడండీ!