కెన్యా సఫారీ చూసుకుని కిలిమంజారో ఎక్కాలి: వీసాలు ఎట్లా తీసుకున్నరు?

కరీంనగర్_గుట్టలు:
అందరికీ నమస్తే. జనవరిలో నేను, మా చెల్లె పోతున్నం. నైరోబీలో దిగి మసాయ్ మారాలో మూడు రోజులు, తర్వాత నమంగా సరిహద్దు దాటి బస్సులో టాంజానియాల ఉన్న మోషీ, అక్కడి నుంచి మచామే దారిలో కిలిమంజారో. ట్రెక్ కంపెనీకి అడ్వాన్స్ కట్టినం. తిరుగు టికెట్ ఇంకా కొనలే. తూర్పు ఆఫ్రికా ఉమ్మడి వీసా 100 డాలర్లకు తీసుకుంటే రెండు దేశాలకూ సరిపోతదని ఒక ఏజెంట్ అంటున్నడు. నిజమేనా? ఇంకోటి, మా చెల్లె పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగ ఉంది, పేరంతా ఒక్క గడిలోనే. పోయొచ్చినోళ్లు జర చెప్పండి.

మోషీ_మజిలీ:
ఆ వీసాకి డబ్బు కట్టకండి తమ్ముడూ. ఉమ్మడి వీసా కెన్యా, ఉగాండా, రువాండాలకే. టాంజానియా అందులో లేదు. ఉగాండాలో గొరిల్లాలను చూసి కెన్యా సఫారీకి వచ్చేవాళ్లకి అది బంగారం లాంటిది, 90 రోజులు ఆ మూడు దేశాల మధ్య ఎన్నిసార్లయినా తిరగొచ్చు. మీ దారికి మాత్రం పనికిరాదు.

మీకు కావలసినవి రెండు. కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఈటీఏ, అంటే ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి, పెట్టింది. 30 డాలర్లు, కార్డు ఛార్జీలు అదనం. పాస్‌పోర్టు, ఫొటో, విమానం టికెట్, బస బుకింగ్ ఎక్కించాలి. పిల్లలకీ విడిగా తీసుకోవాల్సిందే. టాంజానియాకి ఈ-వీసా, మనకి సింగిల్ ఎంట్రీ 50 డాలర్లు. అక్కడ దిగాక కూడా ఇస్తారు గానీ, కొండ ఎక్కబోయే ముందు రోజు సరిహద్దులో క్యూలో నిలబడి అలిసిపోవడం ఎందుకు? పది పనిదినాలు పట్టొచ్చని లెక్కేసుకుని ఇంటి దగ్గరే పెట్టుకోండి. అక్కడ ఎవరి దగ్గర ఉంటారని అడిగినచోట నేను మా ట్రెక్ కంపెనీ చిరునామా, ఫోన్ నంబరు ఇచ్చాను.

వెబ్‌సైటు పేరు చివర చూసుకోండి. టాంజానియాది గో డాట్ టీజెడ్, కెన్యాది గో డాట్ కేఈ అని ముగియాలి. వెతికితే పైన వచ్చేవాటిలో అచ్చం సర్కారువాటిలా కనిపించి రెండింతలు గుంజేవి ఉన్నాయి. నా మొదటి 90 డాలర్లు అలాగే పోయాయి.

విశాఖ_తీరం:
వీసా కన్నా ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూసుకోండి. కెన్యా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడి నుంచి టాంజానియాలో అడుగుపెట్టేవాళ్లని టీకా కార్డు అడుగుతారు. అంతకన్నా పెద్ద చిక్కు మన దేశంలో దిగేటప్పుడు. మన దగ్గర ఆ జ్వరం లేదు, దాన్ని మోసే ఏడిస్ దోమ మాత్రం ఊరూరా ఉంది. డెంగీ తెచ్చేది అదే. ఒక్కరితో వచ్చినా ఎంత ముప్పో ఆలోచించండి, అందుకే ఇక్కడ అంత గట్టిగా ఉంటారు.

మా తమ్ముడికి కెన్యా అనుమతి వచ్చింది, వెళ్లేటప్పుడు ఎవరూ కార్డు అడగలేదు, ఇక పనైపోయిందనుకున్నాడు. తిరిగొచ్చి దిగిన ఎయిర్‌పోర్టులో ఆరోగ్య అధికారి పక్కకి పిలిచారు. నైరోబీ వదిలినప్పటినుంచి 6 రోజులు నిండేదాకా క్వారంటైన్. అమ్మ, నేను బయట అరైవల్స్ దగ్గర నిలబడి ఉన్నాం. సంచీలో వాడికిష్టమైన పూతరేకులు. వాడు ఫోన్‌లో "ఇంటికెళ్లిపోండి" అంటే అమ్మకి అర్థం కాలేదు, జ్వరం వచ్చిందనుకుని ఏడ్చేసింది.

టీకా వేశాక 10 రోజులకి గానీ కార్డు చెల్లదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, 2016 జులై నుంచి ఆ నియమం. పాత కార్డు మీద పదేళ్లని రాసి ఉన్నా పర్లేదు. మా దగ్గర పోర్టు హెల్త్ ఆఫీసులో, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని సర్కారు సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో వేయించుకుంటేనే ఆ కార్డుకి విలువ. గుడ్డు పడనివాళ్లు, 60 దాటినవాళ్లు, గర్భిణులు ముందే డాక్టరుకి చెప్పాలి. పాస్‌పోర్టు పట్టుకెళ్లండి, దాని నంబరు కార్డు మీద రాస్తారు.

కరీంనగర్_గుట్టలు:
అక్కా, మీరు చెప్పకపోతే మాకు తెల్వకపోతుండె. సోమవారమే ఇద్దరం నారాయణగూడ పోతం.

గోదావరి_గట్టు:
చెల్లెమ్మని సోమవారం తీసుకెళ్లకండి! ముందు ఆ పాస్‌పోర్టు సరిచేయించండి. మా ఆవిడదీ ఇలాగే పేరంతా ఒక్క గడిలో ఉండేది. ప్రతి ఫారమూ ఇంటిపేరు అడుగుతుంది, ఖాళీగా వదిలితే ముందుకి పోదు. టికెట్ మీద ఒకలా, వీసాలో ఇంకోలా పడి, ప్రయాణం అయ్యేదాకా గుండె దడే. తర్వాత పేరు విడగొట్టి ఇంటిపేరు, అసలు పేరు వేర్వేరు గడుల్లో పడేలా రీఇష్యూ చేయించాం. రీఇష్యూలో నంబరు మారిపోతుంది. పాత నంబరుతో టీకా కార్డు, ఈటీఏ, వీసా తీసుకుంటే అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. జనవరికి ఇంకా నాలుగు నెలలుంది, టైముంది. మీ పాస్‌పోర్టు బాగుంటే మీరు సోమవారమే వెళ్లిపోవచ్చు.

దారుస్సలాం_నుంచి:
ఇక్కడ ఉద్యోగం చేస్తున్నా. తిరుగు టికెట్ ఇంకా కొనలేదన్నారు కదా, కిలిమంజారో ఎయిర్‌పోర్టు నుంచే కొనండి. కొండ దిగిన కాళ్లతో మళ్లీ నమంగా మీదుగా నైరోబీ దాకా బస్సు ప్రయాణం పెట్టుకోవద్దు. కెన్యాలోకి రెండోసారి ఎంట్రీ అనే ప్రశ్నే ఉండదు. అడిస్ అబాబా మీదుగా వచ్చినా ఎల్లో ఫీవర్ కార్డు చేతిలోనే ఉంచుకోండి, ఇథియోపియా కూడా ఆ జాబితాలోదే.

డాలర్లు 2009 తర్వాత అచ్చైనవి, చిరుగూ మరకా లేనివి తెచ్చుకోండి, పాతవి ఇక్కడ తీసుకోరు. పచ్చళ్లు, పొడులు తప్పకుండా తెస్తారని తెలుసు, కానీ ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్లో వద్దు. కెన్యాలో 2017 నుంచి, ఇక్కడ 2019 నుంచి నిషేధం. గుడ్డ సంచి మేలు. కొండ దిగాక జాంజిబార్ వెళ్లేట్టయితే అక్కడి బీమా 44 డాలర్లు తప్పనిసరి, 2024 అక్టోబరు నుంచి. అది కొండకి పనికిరాదు. కిలిమంజారో 5,895 మీటర్లు. మీరు ఇండియాలో తీసుకునే పాలసీలో 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్ వర్తిస్తుందని రాసి ఉందో లేదో చదివి మరీ కొనండి.

కరీంనగర్_గుట్టలు:
గోదావరి అన్నా, మీరు ఆపకపోతే సోమవారం చెల్లెకు కూడా టీకా వేయించి, ఆ కార్డు మీద పాత నంబరే రాయించేటోళ్లం. ఇప్పుడే రీఇష్యూకు అపాయింట్‌మెంట్ తీసుకున్నం, వచ్చే గురువారం. కొత్త పాస్‌పోర్టు వచ్చినంకనే ఆమెకు టీకా, టికెట్, తర్వాత వీసాలు. ఏజెంట్‌కు వద్దని చెప్పిన. విశాఖ అక్కా, టీకా వేసినరోజు చెయ్యి నొప్పి ఉంటదా? చెల్లె హైదరాబాద్ నుంచి అదే రోజు రాత్రి బస్సుకు తిరిగి రావాలె.

విశాఖ_తీరం:
మా తమ్ముడికి తర్వాత వేయించినప్పుడు ఒకరోజు చెయ్యి నొప్పి, కొంచెం ఒళ్లు వెచ్చబడింది, అంతే. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి. వీలైతే ఆ రాత్రి హైదరాబాద్‌లోనే ఉండి, తెల్లారి బయల్దేరమనండి.