బర్రె పాల చీజ్: మధ్యాహ్నం తొట్టి గడ్డ కడ్తలేదు, నీళ్ల తప్పా?

నల్లగొండ దగ్గర చిన్న యూనిట్. రోజుకు రెండు తొట్లు, ఒక్కోదాంట్లో 100 లీటర్ల బర్రె పాలు. 63 డిగ్రీల మీద 30 నిమిషాలు ఉంచి, 34కు చల్లార్చి, 20 గ్రాముల కాల్షియం క్లోరైడ్, కల్చర్ (పాలను పులియబెట్టే బ్యాక్టీరియా) వేస్తాం. పీహెచ్ 6.5కు దిగినంక పాలను గడ్డ కట్టించే ఎంజైమ్, కైమోసిన్. దూడ కైమోసిన్ జన్యువును ఆస్పర్జిల్లస్ నైజర్ బూజులో పెట్టి పులియబెట్టి తీసిన రకం, మిల్లీలీటరుకు 200 ఐఎంసీయూ (గడ్డ కట్టించే శక్తికి కొలత), తొట్టికి 20 మి.లీ.

పొద్దుటి తొట్టి 35 నిమిషాలకే కత్తి పెట్టి లేపితే నున్నగా చీలుతుంది, సందులో తేట నీరు ఊరుతుంది. మధ్యాహ్నం తొట్టి గంటన్నరకు కూడా జావే, కత్తికి తెల్లగా అంటుతుంది. పాలు ఒకే ట్యాంకువి, వేడీ పీహెచ్ అవే. 30 మి.లీ. పోస్తే గడ్డ కడుతుంది గానీ ఆ చీజ్ మాగేసరికి చేదెక్కుతుంది.

తేడా ఒక్కటే. రెండు తొట్ల ఎంజైమ్ 40 మి.లీ. పొద్దున్నే లీటరు బోరు నీళ్లలో కలిపి, సగం మధ్యాహ్నానికి ఉంచుతున్నాం. నీళ్ల పీహెచ్ 8.1. (మన దిక్కు బోర్లంటే అందరూ ఫ్లోరైడే అంటరు, నా అనుమానం మాత్రం క్షారం మీదనే. కైమోసిన్ దానికి ఓర్వదు.) నల్లా నీళ్లు వాడుదామంటే క్లోరిన్ కూడా ఎంజైమ్‌ను చంపుతుంది.

ఆర్వో నీళ్లలో చిటికెడు నిమ్మ ఉప్పు వేసి పీహెచ్ 6 చేస్తే కలిపిన ఎంజైమ్ ఆరు గంటలు ఆగుతుందా, లేక తొట్టి తొట్టికీ అప్పటికప్పుడే కలపాల్నా? చేదు తక్కువని చెప్పే ఒంటె కైమోసిన్‌ను బర్రె పాలకు వాడినవాళ్లుంటే, 100 లీటర్లకు ఎన్ని ఐఎంసీయూ పోశారో జర చెప్పండి.