ఎండలో కరిగిపోయి వచ్చిన ఎంఆర్‌పీఎల్12 ప్రొటీన్ వాడొచ్చా? జెల్‌లో సైజు కూడా తక్కువ కనిపిస్తోంది

లాం_రోడ్డు_కుర్రాడు:
అందరికీ నమస్తే. గుంటూరులో పీహెచ్‌డీ రెండో ఏడాది చేస్తున్నా. ఎంఆర్‌పీఎల్12 తెప్పించాం, మనిషి మైటోకాండ్రియా రైబోజోమ్‌లో ఉండే ప్రొటీన్, ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసి హిస్ ట్యాగ్ (శుద్ధి చేసేటప్పుడు పట్టుకోడానికి పెట్టే చిన్న తోక) తగిలించింది, 100 మైక్రోగ్రాములు. శుక్రవారం రావాల్సిన పార్సిల్ శనివారం సాయంత్రం దాకా కొరియర్ గోడౌన్‌లోనే ఉండిపోయింది, అదీ రోహిణీ కార్తెలో. నేనే వెళ్ళి తెచ్చుకున్నా. డబ్బా తెరిస్తే డ్రై ఐస్ ఒక్క పలుకు కూడా లేదు, వయల్ చేతికి గోరువెచ్చగా తగిలింది. కిటికీ దగ్గర పెట్టి చూస్తే అడుగున సన్నగా తెల్లటి మడ్డి.

వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి సోమవారం కొంచెం తీసి జెల్ (ప్రొటీన్లను సైజును బట్టి విడదీసి గీతల్లా చూపించే పరీక్ష) వేశా. 19 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత, ఒక కిలోడాల్టన్ అంటే వెయ్యి డాల్టన్లు) దగ్గర ఒకే బ్యాండ్, అంటే ఒకే గీత వచ్చింది. డేటాబేస్‌లో చూస్తే ఈ ప్రొటీన్ 198 అమైనో ఆమ్లాలు, ఒక్కోదానికి 110 డాల్టన్లు వేసుకున్నా 22 దగ్గర రావాలి, పైన ట్యాగ్ ఉండనే ఉంది. అంటే ముక్కలైపోయినట్టేనా? ఈ ఏడాది కంటింజెన్సీ డబ్బు దాదాపు మొత్తం దీనికే పెట్టాం, సార్‌కి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

గుణదల_అక్క:
తమ్ముడూ, ముందు సార్‌కి చెప్పెయ్, ఇవాళే. పార్సిల్ ఫోటోలు తీసి ఉంటే అవీ చూపించు, ఆలస్యమైతే కంపెనీ వాళ్ళు మన మాట వినరు.

ఇక సైజు సంగతి, దానికి భయపడకు. మైటోకాండ్రియాకి సొంత డీఎన్‌ఏ 16,569 బేస్ జతలు ఉంది కదా, దాన్నుంచి వచ్చే ప్రొటీన్లు 13 మాత్రమే. ఆ పదమూడింటినీ తయారుచేసే రైబోజోమ్‌లో ఎనభై దాకా ప్రొటీన్లు ఉంటే వాటిలో ఒక్కటీ అక్కడ పుట్టదు, అన్నిటి జీన్లూ కేంద్రకంలోనే ఉన్నాయి, బయట తయారై లోపలికి వెళ్తాయి. ఎంఆర్‌పీఎల్12 మొదట్లో ఉండే 45 అమైనో ఆమ్లాలు పార్సిల్ మీద అంటించిన అడ్రస్ లాంటివి, లోపలికి చేరాక ఆ ముక్క తెగిపోతుంది. అందుకే ఈ.కోలైలో చేసేటప్పుడు సాధారణంగా ఆ భాగం వదిలేసి 46 నుంచి 198 దాకానే పెడతారు. 153 అమైనో ఆమ్లాలు, అంటే 17 లోపు, ట్యాగ్‌కి ఇంకో ఇరవై కలుపుకుంటే 19. నీ బ్యాండ్ ఉండాల్సిన చోటే ఉంది! డేటాషీట్‌లో ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా అని రాశారో చూడు.

నంబూరు_ప్యాసింజర్:
సైజు విషయంలో అక్క చెప్పింది కరెక్ట్. నాకు ఆ మడ్డి గురించే బెంగ. దాన్ని పైపెట్‌తో కలిపెయ్యకు దయచేసి. నేను వేరే ప్రొటీన్‌తో సరిగ్గా అదే పని చేశా, కలిపితే కరుగుతుందిలే అనుకుని, ఆ ఉండకట్టిన ప్రొటీన్ బైండింగ్ ప్రయోగంలో (ఏ ప్రొటీన్ దేనికి అతుక్కుంటుందో చూసేది) కనపడిన ప్రతిదానికీ అంటుకుని రెండు నెలల రీడింగులు పారేయాల్సి వచ్చింది. సెంట్రిఫ్యూజ్‌లో 4 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు ఫుల్ స్పీడ్‌లో తిప్పు, పైతేట వేరే ట్యూబ్‌లోకి తియ్యి, తీసిన దాంట్లో ఎంత మిగిలిందో బ్రాడ్‌ఫోర్డ్ అనే రంగు పరీక్షతో కొలువు, తేటా మడ్డీ రెండూ పక్కపక్కన జెల్‌లో వెయ్యి.

అసలు దేనికి తెప్పించావో రాయలేదు. వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ప్రొటీన్‌ని గుర్తుపట్టే పరీక్ష) పాజిటివ్ కంట్రోల్‌కి అయితే నిశ్చింతగా వాడుకో, ఎలాగూ ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో మరిగించి దాని మడతలన్నీ విప్పేస్తాం, ముక్కలు కాకుండా ఉంటే చాలు. కానీ మైటోకాండ్రియాలో ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైమ్ పీఓఎల్ఆర్‌ఎమ్‌టీతో బైండింగ్ చూడాలనుకుంటే (ఈ రెండూ నేరుగా అతుక్కుంటాయని శాస్త్రవేత్త షాడెల్ బృందం 2007లో చూపించింది) ఒకే బ్యాండ్ వచ్చిందని నమ్మెయ్యకూడదు. జెల్‌లో కనిపించేది పొడవే, మడత సరిగా ఉందో లేదో అది చెప్పదు. జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్ (మడత విప్పకుండానే ప్రొటీన్లను సైజును బట్టి వేరుచేసే గొట్టం, పెద్దవి ముందు వస్తాయి) ఉన్న ల్యాబ్ దొరికితే ఒకసారి దాని గుండా పంపించి చూడు, ఉండకట్టింది ఉంటే అన్నిటికన్నా ముందే బయటికొచ్చేస్తుంది.

లాం_రోడ్డు_కుర్రాడు:
అక్కా, డేటాషీట్‌లో 46-198 అనే ఉంది! నేను మొదటి పేజీ చూసి వదిలేశా. అన్నా, మీరు చెప్పినట్టే తిప్పా, దాదాపు 80 మైక్రోగ్రాములు తేటలోనే ఉంది, మడ్డిలో అదే సైజు బ్యాండ్ పల్చగా కనిపించింది. మాకు కావాల్సింది బైండింగ్‌కే. సార్‌కి చెప్పా, ఒక్క మాట కూడా అనలేదు, కంపెనీకి ఫోటోలతో ఆయనే మెయిల్ పెట్టారు. ఈలోపు ఇది వెస్టర్న్‌కి పక్కన పెట్టమన్నారు.

గుణదల_అక్క:
హమ్మయ్య. అయితే ఉన్నదాన్ని ఇవాళే 5 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచేసి మైనస్ 80లో పెట్టు, ఆ తర్వాత ఏ ట్యూబైనా వాడటానికి ఒకసారి కరిగించాక మళ్ళీ గడ్డకట్టించొద్దు. మంచు దానంతటదే కరిగే రకం ఫ్రిజ్ ఉంటుంది చూడు, ఇళ్ళల్లో వాడేది, దాని ఫ్రీజర్లో మాత్రం వద్దు, అది మధ్యమధ్యలో వేడెక్కుతుంటుంది. కొత్త వయల్ పంపిస్తామంటే సోమవారం బయల్దేరేలా అడగండి, వారం చివర వద్దు.