మట్టి తడి సెన్సార్‌కి ఏ డ్యుయల్ ట్రాన్సిస్టర్ వేయాలి?

ప్రశ్న (చిత్తూరు):
బంగారుపాళ్యం దగ్గర మా తోతాపురి తోటకి మట్టి తడి చూసే చిన్న బోర్డు చేశాను. గంటకోసారి లేచి, సెన్సార్‌కి ఒక్క సెకను కరెంటు ఇచ్చి, రీడింగ్ తీసుకుని పడుకుంటుంది. బ్యాటరీ మార్చాలంటే తోట చివరిదాకా పోవాలి. అందుకే పొదుపని, సెన్సార్ కరెంటుకి స్విచ్‌గా పీయూఎండీ12 వేశాను. ఒకే చిప్‌లో ఎన్‌పీఎన్, పీఎన్‌పీ అని రెండు ట్రాన్సిస్టర్లు, వాటి బయాస్ రెసిస్టర్లూ లోపలే ఉండే రకం ఇది. దీంట్లో అవి 47కె/47కె (కిలో-ఓమ్‌లు): మొదటిది బేస్‌కి వెళ్లే దారిలో, రెండోది బేస్-ఎమిటర్ మధ్య. బోర్డు పిన్ ఎన్‌పీఎన్‌ని ఆన్ చేస్తే, దాని కలెక్టర్ నేరుగా పీఎన్‌పీ ఇన్‌పుట్‌కి, పీఎన్‌పీ సెన్సార్‌కి కరెంటు ఇస్తుంది. సప్లై 3.3 వోల్టులు, సెన్సార్ లాగేది 5 మిల్లీఆంప్స్. మీటరు పెడితే సెన్సార్ దగ్గర 2.4 వోల్టులే! నిన్న నీళ్లు పెట్టిన పాదు కూడా ఎండిపోయిందంటోంది. చిప్ పోయిందా? ఇంకోటి అతికించాలంటే భయం. పోయినసారి ఒకటి అమ్మ పప్పు చెరుగుతున్న చాటలో పడింది. పెసరబద్ద కంటే చిన్నది, ఇక దొరకలేదు.

జవాబు (తిరుపతి, సర్వీస్ షాపు):
చిప్ బాగానే ఉంది తమ్ముడూ, లెక్కే తప్పింది. పీఎన్‌పీ వైపు చూడు. 3.3లో 0.7 బేస్ దగ్గర పోతే మిగిలేది 2.6. 47కె గుండా 55 మైక్రోఆంప్స్ వస్తే, అందులో 15 రెండో రెసిస్టరే తినేస్తుంది. మిగిలిన 40తో 5 మిల్లీ నడపాలంటే గెయిన్ (బేస్ కరెంటుకి ఎన్ని రెట్లు నడపాలో ఆ లెక్క) 125 కావాలి. స్విచ్ పూర్తిగా ఆన్ కావాలంటే నేను 20 మించి లెక్కేయను. పైగా ఈ లోపలి రెసిస్టర్లు 30 శాతం అటూ ఇటూ ఉంటాయి.

ఇంకొకరు:
10కె/10కె పీయూఎండీ3 వేసెయ్ బ్రో.

సర్వీస్ షాపు:
దాంట్లో బేస్‌కి 190 మైక్రో, అంటే గెయిన్ 26. నడవచ్చు, నాకైతే మనసొప్పదు. 2.2కె/47కె పీయూఎండీ10 తెప్పించు, బేస్‌కి 1.1 మిల్లీ పైనే. ఆన్‌లో రెండు వైపులా కలిపి 2.4 మిల్లీ ఖర్చు. భయపడకు, గంటలో ఒక్క సెకనేగా, సగటు 0.7 మైక్రో కూడా రాదు. బోర్డు రీసెట్ అయ్యేటప్పుడు దాని పిన్ ఆన్, ఆఫ్ రెండూ కాకుండా గాల్లో ఉన్నా ఆ 47కె ఎన్‌పీఎన్‌ని ఆఫ్‌లోనే పట్టి ఉంచుతుంది.

చిత్తూరు:
అన్నా, వేశాను. ఇప్పుడు 3.2 వోల్టులు. తడి పాదు తడే అంటోంది. ఈసారి అమ్మ చాట ఎత్తాకే పెట్టె తెరిచాను.