నార్తాంప్టన్‌లో వాల్టర్ టల్ పేరు మీద రోడ్డు ఉంది, ఈయన అసలు కథ ఏంటి?

కోనసీమ_కుర్రోడు:

అందరికీ నమస్తే. నేను నార్తాంప్టన్‌లో మాస్టర్స్ చేస్తున్నా, వచ్చి నాలుగు నెలలైంది. ఫుట్‌బాల్ నాలెడ్జ్ సున్నా, ముందే చెప్పేస్తున్నా, మా ఊళ్లో క్రికెట్‌కే గ్రౌండ్ లేదు, కోతలయ్యాక చేలో ఆడేవాళ్లం. మొన్న రూమ్మేట్ తాళాలు మర్చిపోయి వెళ్తే ఇద్దామని సిక్స్‌ఫీల్డ్స్ స్టేడియం వైపు వెళ్లా, అక్కడ రోడ్డు పేరు వాల్టర్ టల్ వే అని ఉంది, స్టేడియం పక్కనే ఆయన స్మారకం కూడా ఉంది. నిలబడి మొత్తం చదివా. ఫుట్‌బాల్ ప్లేయరంట, నల్లజాతి ఆయనంట, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడంట.

రూముకొచ్చి నెట్లో చూస్తే ఒకచోట బ్రిటిష్ ఆర్మీలో మొట్టమొదటి నల్లజాతి ఆఫీసర్ అని ఉంది, ఇంకోచోట కాదని ఉంది. మెడల్ ఇస్తామని ఎగ్గొట్టారని ఒకరు, అసలు అలాంటిదేం లేదని ఇంకొకరు. ఎవరన్నా సరిగ్గా చెప్తారా? అసలు మంచి ప్లేయరేనా, లేక యుద్ధంలో పోయాడు కాబట్టి పెద్దోణ్ణి చేశారా? తప్పుగా అడిగుంటే ఏమనుకోకండి.

వింగ్‌హాఫ్_మావయ్య:

తప్పేం లేదు తమ్ముడూ. నీ చివరి ప్రశ్నకే ముందు జవాబు, మంచి ప్లేయరే. ఎందుకో చెప్తా, కొంచెం పెద్దగా ఉంటుంది, టీ పెట్టుకుని చదువు.

1888 ఏప్రిల్ 28న పుట్టాడు, కెంట్‌లో ఫోక్‌స్టోన్ అని సముద్రం ఒడ్డున ఊరు. నాన్న డేనియల్ బార్బడోస్ నుంచి వచ్చిన వడ్రంగి, ఆ నాన్నకి నాన్న అక్కడ బానిస. అమ్మ ఆలిస్ కెంట్ అమ్మాయే. 1895లో అమ్మ క్యాన్సర్‌తో పోయింది, నాన్న ఆవిడ చుట్టాలమ్మాయినే మళ్లీ చేసుకున్నాడు, 1897లో ఆయనా పోయాడు. సవతి తల్లి ఒక్కతే అంతమంది పిల్లల్ని సాకలేక వాల్టర్‌నీ అన్న ఎడ్వర్డ్‌నీ లండన్ బెత్నల్ గ్రీన్‌లో మెథడిస్టు వాళ్ల అనాథాశ్రమంలో చేర్చారు. అన్నకి పాడటం వచ్చు, ఆశ్రమం పిల్లల పాటల బృందంతో ఊళ్లు తిరుగుతుంటే గ్లాస్గోలో ఒక కుటుంబం చూసి పెంచుకుంది, తర్వాత డెంటిస్ట్ అయ్యాడు. తమ్ముడు మాత్రం ఆశ్రమంలోనే ఉండిపోయి ప్రింటింగ్ పని నేర్చుకుంటూ అక్కడి టీమ్‌లో ఆడేవాడు. నాకు ఈ కథలో యుద్ధం కన్నా ముందు ఇదే గుచ్చుకుంటుంది, ఆశ్రమంలో తోడుగా ఇద్దరే మిగిలారు అనుకుంటే ఆ ఒక్కణ్ణీ నాలుగొందల మైళ్ల అవతలికి తీసుకుపోయారు. కానీ అన్నదమ్ములు తర్వాత కూడా ఒకరినొకరు వదల్లేదు.

ఇంక ఆట. 1908-09లో క్లాప్టన్ అనే అమెచ్యూర్ క్లబ్‌లో చేరాడు, ఆ ఒక్క సీజన్లో వాళ్లు ఎఫ్‌ఏ అమెచ్యూర్ కప్పుతో సహా మూడు కప్పులు కొట్టారు. వెంటనే లండన్ ప్రొఫెషనల్ క్లబ్ టోటెన్‌హామ్ వాళ్లు ఎగరేసుకుపోయారు. ఆ ఎండాకాలం టీమ్‌తో అర్జెంటీనా, ఉరుగ్వే టూరు. వచ్చాక సెప్టెంబర్లో సండర్లాండ్ మీద ఫస్ట్ డివిజన్ మ్యాచ్, అంటే అప్పటి టాప్ లీగ్. వారానికి 4 పౌండ్లు, అప్పట్లో ఎవరికైనా అంతకు మించి ఇవ్వకూడదని రూల్, అంటే మొదటి రోజు నుంచే టాప్ జీతం అన్నమాట.

నెల తిరిగేసరికి, 1909 అక్టోబర్‌లో, బ్రిస్టల్ సిటీ గ్రౌండ్‌లో జనంలో ఒక గుంపు మ్యాచ్ అయ్యేదాకా ఒంటి రంగు మీద బూతులు తిట్టింది. లండన్‌లో బిలింగ్స్‌గేట్ అని చేపల మార్కెట్ ఉంది, బూతులకి పెట్టింది పేరు, దాన్ని కూడా మించిపోయారని అప్పటి పేపరాయన రాశాడు, ఆ రోజు గ్రౌండ్‌లో అందరికన్నా బాగా ఆడింది టల్లే అని కూడా రాశాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే రిజర్వ్ టీమ్‌లో పడేశారు. స్పర్స్‌కి, అంటే టోటెన్‌హామ్‌కే, లీగ్‌లో మొత్తం పది మ్యాచ్‌లు, రెండు గోల్స్, అంతే. క్లబ్ వాళ్లు గొడవకి జడిసి పక్కన పెట్టారని చాలామంది అంటారు, నేనూ అదే అనుకుంటా.

1911లో మీ నార్తాంప్టన్‌కి వచ్చాడు. తెచ్చుకున్న మేనేజర్ ఎవరనుకున్నావు, హెర్బర్ట్ చాప్‌మన్. తర్వాత హడర్స్‌ఫీల్డ్‌నీ ఆర్సెనల్‌నీ ఛాంపియన్లని చేసిన మనిషి. ఆయన మొహమాటానికి ఎవర్నీ టీమ్‌లోకి తీసుకునే రకం కాదు. ముందు ఫార్వర్డ్‌గా ఆడించి, తర్వాత వింగ్‌హాఫ్‌కి మార్చాడు, ఇప్పటి లెక్కలో మిడ్‌ఫీల్డ్ అనుకో. అక్కడ కుదిరింది. నూటపది పైన మ్యాచ్‌లు ఆడాడు. గ్లాస్గో రేంజర్స్ కూడా కన్నేసింది అంటారు, ఈలోపు యుద్ధం.

1914లో యుద్ధం మొదలైనా లీగ్ ఆపలేదు, కుర్రాళ్లు చస్తుంటే వీళ్లు బంతి తంతున్నారా అని పేపర్లు దుమ్మెత్తిపోశాయి. అందుకని డిసెంబర్ 15న ఫుల్హమ్ టౌన్ హాల్లో మీటింగ్ పెట్టి ఫుట్‌బాలర్ల కోసమే ఒక బెటాలియన్ పెట్టారు, 17వ మిడిల్‌సెక్స్. మొదట ముందుకొచ్చింది క్లాప్టన్ ఓరియంట్ (టల్ ఆడిన క్లాప్టన్ కాదు, వేరే క్లబ్) కెప్టెన్ ఫ్రెడ్ పార్కర్. ఆరు రోజులకి, అంటే 21న, టల్ సంతకం పెట్టాడు. ఇక్కడిదాకా చాలు, వేళ్లు నొప్పి, మిగతాది ఎవరన్నా అందుకోండి.

పాతపేపర్ల_పిచ్చిది:

మావయ్య గారు వదిలిన చోట నేను అందుకుంటా.

1915 నవంబర్లో ఫ్రాన్స్ వెళ్లారు. అప్పటికే సార్జెంట్. 1916 మేలో షెల్ షాక్‌తో, అంటే యుద్ధం దెబ్బకి మనసు చెదిరి, వెనక్కి పంపారు, కాయితాల్లో రాసింది అక్యూట్ మేనియా అని. ఇది చాలా పోస్టుల్లో ఎగరగొట్టేస్తారు, హీరోకి మనసు చెదరకూడదు అన్నట్టు. కోలుకుని మళ్లీ వెళ్లాడు, సోమ్ యుద్ధంలో ఉన్నాడు, ఈసారి ట్రెంచ్ ఫీవర్ వచ్చి డిసెంబర్లో మళ్లీ ఇంగ్లండ్. నయమయ్యాక స్కాట్లండ్‌లో గెయిల్స్ అనే చోట ఆఫీసర్ ట్రైనింగ్. 1917 మే 30న సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. అప్పటి మిలటరీ రూల్స్ ప్రకారం తెల్లజాతి కానివాళ్లకి కమాండ్ ఇవ్వకూడదు, కమిషన్, అంటే ఆఫీసర్ హోదా, అప్లికేషన్లో 'స్వచ్ఛమైన యూరోపియన్ సంతతేనా' అని గడి కూడా ఉండేది. చాలా ఏళ్లు టల్‌నే మొదటివాడు అన్నారు, ఇప్పుడు అలా అనడం తప్పు. జమైకాలో పుట్టిన జార్జ్ బేమండ్ అనే మిశ్రమజాతి కుర్రాడికి 1915లోనే రాయల్ ఫీల్డ్ ఆర్టిలరీలో కమిషన్ వచ్చింది, ఆ గడిలో అవును అని రాసేశాడు. 1916 డిసెంబర్లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. అందుకే మొదటివాడు అని కాకుండా మొదటివాళ్లలో ఒకడు అనుకో. నా దృష్టిలో తేడా ఎక్కడంటే టల్‌ని దాచడానికి కుదరదు, స్పర్స్‌కి ఆడినోడు, ఊరందరికీ తెలిసిన మొహం, ఆయన పై ఆఫీసర్లు తెలిసే సిఫార్సు చేశారు, పై ఆఫీసు తెలిసే సంతకం పెట్టింది. రూల్ మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.

తర్వాత 23వ మిడిల్‌సెక్స్‌తో, అది రెండో ఫుట్‌బాల్ బెటాలియన్, ఇటలీ వెళ్లాడు. 1918 జనవరి మొదట్లో రాత్రిపూట పియావే నది దాటి శత్రువు వైపు వెళ్లాలి, చలికాలం, నీళ్లు గడ్డకట్టే చలి, కూడా 26 మంది. అందర్నీ తీసుకెళ్లి అందర్నీ తిరిగి తెచ్చాడు, ఒక్కడు కూడా పోలేదు. మేజర్ జనరల్ సిడ్నీ లాఫర్డ్ ధైర్యాన్నీ నిబ్బరాన్నీ మెచ్చుకుంటూ రాసిచ్చాడు.

మార్చిలో బెటాలియన్‌ని మళ్లీ ఫ్రాన్స్ తెచ్చారు. 21న జర్మన్లు పెద్ద దాడి మొదలెట్టారు. 25న ఫావ్రోయ్ అనే పల్లె దగ్గర వెనక్కి తగ్గుతున్నప్పుడు తూటా తగిలింది. ఇరవై తొమ్మిదేళ్లు, ఇంకో నెలలో ముప్పై నిండేవి. టామ్ బిల్లింగ్‌హమ్ అని లెస్టర్ ఫాస్ అనే క్లబ్‌కి గోల్‌కీపర్‌గా చేసిన సిపాయి తూటాల మధ్యే ఆయన్ని మోసుకురావడానికి చూశాడు, జర్మన్లు మీదికి వచ్చేసరికి వదిలేయాల్సి వచ్చింది. శరీరం దొరకలేదు.

సుబేదార్_గారి_మనవడు:

పైన అక్క రాసిన గడి సంగతి చదివాక ఇది చెప్పాలనిపించింది, కొంచెం టాపిక్ పక్కకి పోతుంది, క్షమించండి.

అదే యుద్ధంలో మనవాళ్ల పరిస్థితి కూడా అంతే. ఇండియన్ ఆర్మీలో మనోడు ఎంత ఎదిగినా జమేదార్, సుబేదార్, మహా అయితే సుబేదార్ మేజర్. ఇరవై ఏళ్లు సర్వీసు చేసిన సుబేదార్ మేజర్ కూడా నిన్న దిగిన తెల్ల సెకండ్ లెఫ్టినెంట్ కిందే. వైద్య విభాగంలో డాక్టర్లుగా మనవాళ్లు ఉన్నారు గానీ పటాలాన్ని నడిపే కింగ్స్ కమిషన్ 1917 ఆగస్టులో గానీ ఇవ్వలేదు, అదీ తొమ్మిది మందికి. టల్‌కి మేలో వచ్చింది, అంటే మూడు నెలల తేడా. ఇటు వైపు రూల్ మార్చి ఇచ్చారు, అటు వైపు మార్చకుండానే ఇచ్చారు, అవసరం అలా తన్నుకొచ్చింది మరి, ఆఫీసర్లు వరసగా పోతుంటే ఎవర్ని తెస్తారు.

నైంటీస్_సికింద్రాబాద్:

అంతా బాగుంది కానీ మెడల్ మీద నేను ఒప్పుకోను బ్రో. అప్పుడు ఇవ్వనిది వందేళ్ల తర్వాత ఇస్తే ఎవరికి? ఆయనకి భార్యాపిల్లలు కూడా లేరు. లక్షల మంది పోయారు, అందరికీ వెతికి ఇస్తారా. ఫుట్‌బాలర్ కాబట్టి క్యాంపెయిన్ నడుస్తోంది అంతే.

పాతపేపర్ల_పిచ్చిది:

నీ పాయింట్ అర్థమైంది, సగం కరెక్టే. జరిగింది ఇది. ఆయన చనిపోయాక తోటి ఆఫీసర్ పికార్డ్ అన్న ఎడ్వర్డ్‌కి ఉత్తరం రాశాడు, మీ తమ్ముడిని మిలటరీ క్రాస్ పతకానికి సిఫార్సు చేశారు అని అందులో ఉంది. ప్రభుత్వం ఏమంటుందంటే ఆ సిఫార్సు కాయితం ఫైళ్లలో లేదు, పైగా మొదటి యుద్ధానికి ఇప్పుడు కొత్తగా పతకాలిచ్చే పద్ధతి లేదు అని. అడిగేవాళ్లు ఏమంటారంటే, ఇస్తే రంగున్న ఆఫీసర్ని సైన్యమే పబ్లిగ్గా ఒప్పుకున్నట్టు అవుతుంది, అందుకే తొక్కేశారు అని. అది నిరూపించే కాయితమూ లేదు. నా వరకు పతకం వచ్చినా రాకపోయినా పర్లేదు, కానీ 'ఇస్తామని ఎగ్గొట్టారు' అని గ్యారంటీగా రాసేవాళ్లూ 'అసలేం లేదు' అనేవాళ్లూ ఇద్దరూ ఉత్తరం చదవనోళ్లే.

కోనసీమ_కుర్రోడు:

అమ్మో, ఇంత వస్తుందనుకోలేదు. మావయ్యా, అక్కా, అందరికీ థాంక్స్. నిన్న క్లాస్ అయ్యాక మళ్లీ వెళ్లి చూశా, 1999లో పెట్టారంట ఆ స్మారకం. అంటే పోయిన ఎనభై ఏళ్లకి. ఆ 26 మంది కథ తెలిశాక చదివితే వేరేగా ఉంది. ఒక డౌట్, శరీరం దొరకలేదు అన్నారు కదా, మరి సమాధి ఎక్కడా లేదా? ఈస్టర్ సెలవుల్లో వెళ్దామని ఉంది.

వింగ్‌హాఫ్_మావయ్య:

సమాధి లేదు తమ్ముడూ. ఫ్రాన్స్‌లో ఆరాస్ ఊళ్లో పెద్ద స్మారకం ఉంది, సమాధి లేనివాళ్ల పేర్లే దాదాపు 35 వేలు గోడల మీద చెక్కారు, మన ఢిల్లీ ఇండియా గేట్ మీద పేర్లు చెక్కారు చూడు, అలాగ. రెజిమెంట్ వారీగా ఉంటాయి, మిడిల్‌సెక్స్ వాళ్లది ఏడో నంబర్ గోడ, అక్కడ టల్ అని వెతుక్కో. కానీ స్టూడెంట్ వీసా మీద ఉన్నావు కదా, ఫ్రాన్స్‌కి షెంజెన్ వీసా వేరే తీసుకోవాలి, అది మర్చిపోకు.

అది కుదరకపోతే ముందు ఫోక్‌స్టోన్ వెళ్లిరా, రైల్లో పోవచ్చు. అక్కడి యుద్ధ స్మారకం మీద కూడా ఆయన పేరుంది. దాని పక్క నుంచి హార్బర్‌కి దిగే ఏటవాలు రోడ్డు ఉంటుంది, ఆ రోజుల్లో పటాలాలు ఆ వాలు దిగే ఫ్రాన్స్ ఓడలెక్కేవి. ఆయన పుట్టింది ఆ ఊళ్లోనే.

కోనసీమ_కుర్రోడు:

షెంజెన్ స్లాట్లు చూశా, జూన్ దాకా లేవు. ఫోక్‌స్టోన్ టికెట్ బుక్ చేసేశా, రూమ్మేట్ కూడా వస్తానన్నాడు, ఈసారి తాళాలు నా దగ్గరే.